పట్టుకున్నావా?

"మీ ఊళ్ళో పెద్దవాళ్ళకి ఎడమచేత్తో ఇస్తారా?"

పోయిన నెల జపాన్‌లో, త్సుకుబాలోని ఒక వృద్ధాశ్రమంలో, మధ్యాహ్నం టీ వేళ అయిపోయాక ట్రేలు సర్దుతూ ఒక ఇండోనేషియా అమ్మాయి నన్నడిగిన మాట ఇది. ఆమె అక్కడ కేర్‌గివర్. కోపంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది. నేను ఇండియా నుంచి వచ్చానని ఆమెకు తెలుసు.

అంతకు పది నిమిషాల ముందు మేం తయారు చేస్తున్న రోబో, తొంభై దాటిన ఒకావిడకి ఎడమచేత్తో బార్లీ టీ కప్పు అందించింది. ఆవిడ చేతులు వణుకుతాయి. కప్పు సరిగ్గా చేతికి అందకముందే రోబో వదిలేసింది. టీ అంతా ఆవిడ ఒళ్ళో పడింది. చల్లటి టీయే, కాలలేదు. కానీ ఆవిడ తడిసిన బట్టలు చూసుకోలేదు. రోబో వైపు తల వంచి "సుమిమాసెన్" అంది. తప్పు తనదే అన్నట్టు, క్షమించమని అడిగింది.

నేను ల్యాప్‌టాప్ పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. పరుగెత్తుకెళ్ళి తువ్వాలు తెచ్చింది ఆ ఇండోనేషియా అమ్మాయే.

"లేదు, ఇవ్వం" అన్నాను. "మేమూ ఇవ్వం" అంది. అంతే, ట్రేలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి ఇదే ఆలోచన. నాకు నేను చెప్పుకోవాల్సింది కొంత ఉంది, అందుకే రాస్తున్నాను.

మాది తెనాలి. జపాన్ వచ్చి ఆరేళ్ళయింది. నేను పని చేసేది చిన్న కంపెనీలో. మా రోబోకి నడుం కింద చక్రాలు, పైన మనిషిలాగే భుజాలు, రెండు చేతులు, వేళ్ళు, కెమెరాలున్న తల. అంతా కలిపి 130 సెంటీమీటర్లు. మనిషి ఆకారం దేనికి, పెట్టెకి రెండు చక్రాలు తగిలిస్తే చాలదా అని ఇంటి నుంచి ఎవరు ఫోన్ చేసినా అడుగుతారు. ఇళ్ళన్నీ మనుషుల కొలతలతో కట్టుకున్నాం కాబట్టి. లైటు స్విచ్, తలుపు పిడి, మంచం ఎత్తు, కప్పు చెవి, ఏది తీసుకున్నా మన చేతికీ మన కంటికీ సరిపోయేలా చేసుకున్నవే. 2000లో హోండా వాళ్ళు అసిమో అనే రోబోని చూపించినప్పుడు దాని ఎత్తు 120 సెంటీమీటర్లు. దానికి స్విచ్‌లు, తలుపు పిడులు అందాలి, కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళకి దాని ముఖం సమంగా ఉండాలి అన్నది వాళ్ళ లెక్క. మాదీ అదే లెక్క. మంచం మీదున్న మనిషి తల పైకెత్తకుండానే దాని ముఖం కనపడాలి.

అందులో నా వంతు పని అందించడం. ఒక వస్తువుని రోబో చేతిలోంచి మనిషి చేతిలోకి మార్చడం.

వినడానికి చాలా చిన్న పని. మేం ఏం చేశామంటే, రోబో మణికట్టులో బలాన్ని కొలిచే సెన్సర్ పెట్టాం. అవతలి మనిషి కప్పుని పట్టుకుని తనవైపు లాక్కుంటే ఆ లాగుడు సెన్సర్‌కి తెలుస్తుంది. రెండు న్యూటన్లు దాటితే, అంటే సుమారు 200 గ్రాముల బరువంత లాగుడు కనిపిస్తే, వేళ్ళు వదులవుతాయి. ఆఫీసులో మా మీద మేం వందల సార్లు చేసి చూసుకున్నాం. ఒక్కసారీ కప్పు పడలేదు. కానీ మా ఆఫీసులో చేతులు వణికే వాళ్ళు ఎవరూ లేరు. పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవాళ్ళ చేయి సెకనుకి నాలుగు నుంచి ఆరుసార్లు ఊగుతుంది. ఆ ఊపు కప్పుకి తగిలితే సెన్సర్ దాన్ని లాగుడే అనుకుంటుంది. ఆ రోజు జరిగింది అదే. ఆవిడ ఇంకా పట్టుకోలేదు, వేళ్ళు తగిలాయంతే.

ఊపుని లెక్కలోకి తీసుకోకుండా వడకట్టవచ్చు కదా అంటారు. వడకట్టాం కూడా. అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. సిగ్నల్‌ని అలా వడకడితే రోబోకి సంగతి తెలియడం ఆలస్యమవుతుంది. మనిషి పట్టుకుని లాగినా అది వదలదు. ఇవ్వడం ఇష్టం లేక బిగబట్టుకుని ఇచ్చినట్టుంటుంది. త్వరగా వదిలితే పడేస్తుంది, ఆలస్యంగా వదిలితే గుంజుకోవాలి.

సరే, ఇది ఇంజినీరింగ్ లోపం, సరిదిద్దుకుంటాం. నన్ను పొడిచింది ఎడమచేయి సంగతి.

ఎడమచేత్తో ఎందుకిచ్చిందంటే, కప్పులున్న బండి దానికి ఎడమవైపు ఉంది. ఏ చేయి దగ్గరైతే ఆ చేయి వాడమని ప్రోగ్రాం చెబుతుంది. మోటార్లకి శ్రమ తగ్గుతుంది, సమయం కలిసొస్తుంది. రోబోకి కుడీ ఎడమా అద్దంలో బొమ్మల్లాంటివి, తేడా ఏమీ లేదు. ఇదంతా ఆ అమ్మాయికి చెప్పి ఉండవచ్చు. చెప్పలేకపోయాను, ఎందుకంటే కంప్యూటర్ సిమ్యులేషన్‌లో అది మొదటిసారి ఎడమచేయి చాచినప్పుడే నా మనసు చివుక్కుమంది. మీటింగులో చెబుదామనుకున్నాను. ఊరుకున్నాను.

ఎందుకు ఊరుకున్నానో చెప్పాలంటే మా నాయనమ్మ దగ్గరికి వెళ్ళాలి. నాది పుర్రచేతి వాటం. బడిలో చేరకముందు నుంచీ ఆ చేయి మీద ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కలేదు. రాయడం మాత్రం ఎడమచేత్తోనే మిగిలింది. తినడం, ఇవ్వడం, తీసుకోవడం, హారతి కళ్ళకద్దుకోవడం అన్నీ కుడిచేతికి మార్చేసింది నాయనమ్మ. పదహారేళ్ళప్పుడు దీని మీద ఆవిడతో పెద్ద గొడవ పెట్టుకున్నాను. చేతుల్లో మంచి చెడ్డ లేవని వాదించాను. ఇప్పుడు జపాన్‌లో, పదిమంది ఇంజినీర్ల ముందు నిలబడి "కుడిచేత్తో ఇవ్వాలండీ" అని ఎలా అనను? చాదస్తం అనుకుంటారని భయపడ్డాను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ ఇంకో కారణం కూడా ఉంది. ఎడమచేతిని దాచమనే మాట రోబోకైనా నా నోటితో చెప్పాలనిపించలేదు.

జపాన్‌లో ఎడమచేయి అంత తప్పేమీ కాదు. ఇక్కడ గౌరవమంటే రెండు చేతులు. విజిటింగ్ కార్డు ఇచ్చినా, పెద్దవాళ్ళకి టీ ఇచ్చినా రెండు చేతులూ కావాలి. అంటే మా రోబో ఇక్కడి లెక్కలోనూ తప్పే చేసింది. మా టీములో జపాన్ వాళ్ళు కూడా ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఇంట్లో వాళ్ళమ్మకి ఒంటిచేత్తో టీ ఇవ్వని మనుషులే ఆఫీసులో రోబో అలా ఇస్తుంటే గ్రాఫులు చూస్తూ కూర్చున్నారు. నేనూ వాళ్ళలో ఒకదాన్ని.

మాకు భద్రతా ప్రమాణాలున్నాయి. మనుషులకు సేవ చేసే రోబోల కోసం 2014లో వచ్చిన ఐఎస్ఓ 13482 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. మనుషుల పక్కన పని చేసే ఫ్యాక్టరీ రోబోల కోసం 2016లో ఇంకోటి వచ్చింది. శరీరం మీద 29 చోట్ల, ఎక్కడ ఎంత ఒత్తిడి తగిలితే నొప్పి మొదలవుతుందో అందులో పట్టికే ఇచ్చారు. వేలి కొసకి ఇంత, భుజానికి ఇంత. ఆ పట్టిక నాకు దాదాపు కంఠతా వచ్చు. ఏ చేత్తో ఇవ్వాలన్నది ఏ పట్టికలోనూ లేదు కాబట్టి నా పని కాదనుకున్నాను.

జపాన్ రోబో శాస్త్రవేత్త మాసాహిరో మోరి 1970లో రాసిన ఒక చిన్న వ్యాసాన్ని ఈ రంగంలోకి వచ్చిన ప్రతివాళ్ళూ చదువుతారు. రోబో మనిషిని పోలేకొద్దీ మనకి దగ్గరవుతుంది, కానీ దాదాపు మనిషే అనిపించే చోట ఒక్కసారిగా ఒళ్ళు జలదరిస్తుంది, అది ఒక లోయ అంటాడాయన. అందరూ దాన్ని ముఖాల గురించే చెప్పుకుంటారు. ఆయన ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి చేయి. అచ్చం నిజం చేయిలా కనిపించే కృత్రిమ చేతితో కరచాలనం చేశామనుకోండి, చల్లగా, ఎముక లేనట్టు తగిలితే ఎలా ఉంటుంది అని. నేను ఇన్నేళ్ళూ ఆ లోయని రబ్బరుతోనూ వెచ్చదనంతోనూ దాటొచ్చనుకున్నాను. వేళ్ళకి మెత్తటి తొడుగు వేశాం. లోపల సన్నటి హీటర్ పెట్టాలని కూడా మాట్లాడుకున్నాం.

ఈ త్సుకుబాలోనే పుట్టిన పారో అనే రోబో ఉంది, సీల్ పిల్ల ఆకారం. వృద్ధాశ్రమాల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని నిమురుతుంటారు. పిల్లి, కుక్క కాకుండా సీల్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే, నిజం సీల్ పిల్లని దగ్గరగా చూసినవాళ్ళు ఉండరు కాబట్టి ఎవరూ పోల్చి చూడరని. మాకు ఆ వెసులుబాటు లేదు. మేం చేయి పెట్టాం. ఆ ఒకావిడకి తొంభై ఏళ్ళలో ఎన్ని చేతులు అన్నం పెట్టి ఉంటాయి, ఎన్ని చేతులు టీ ఇచ్చి ఉంటాయి! మా రోబో చేయి చాచగానే ఆ చేతులన్నింటి పక్కనా నిలబడుతుంది. చేయి ఆకారం పెట్టాక చేయికుండే మర్యాదలు పెట్టకపోవడం కుదరదు. నాయనమ్మతో గొడవ పెట్టుకున్న పదహారేళ్ళ పిల్లకి ఇది చెప్పినా అర్థమయ్యేది కాదు.

"ముసలివాళ్ళని మరమనిషికి అప్పగిస్తారా, మన దగ్గర మనుషులున్నారు" అని మనవాళ్ళు అంటుంటే మాత్రం నాకు కష్టంగా ఉంటుంది. ఇక్కడ నూటికి 29 మంది దాకా 65 దాటినవాళ్ళే. ఎత్తి పడుకోబెట్టి, ఎత్తి కూర్చోబెట్టి కేర్‌గివర్ల నడుములు పోతున్నాయి. మనుషులు చాలకే 2008 నుంచి ఇండోనేషియా వాళ్ళనీ, ఆ తర్వాత ఫిలిప్పీన్స్, వియత్నాం వాళ్ళనీ పిలిపించుకుంటున్నారు. ఆ అమ్మాయి వాళ్ళ నాయనమ్మ జావాలో ఉంది. మా అమ్మ తెనాలిలో ఉంది. అమ్మకి పొద్దునా సాయంత్రం మాత్రలు ఇచ్చేది పక్క ఊరి నుంచి బస్సులో వచ్చే ఒకావిడ. ఆవిడ పిల్లలు ఇంకెక్కడో ఉన్నారు. మన దగ్గర మనుషులున్నారనేవాళ్ళు ఆ మనుషులు ఎవరో, ఎవర్ని వదిలి వస్తున్నారో కూడా చెబితే బాగుండు. అలాగని నా బాధ తీరేదేమీ లేదు. ఆ రోజు టీ పడ్డప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది అమ్మ ఒళ్ళే.

ఆ రాత్రి ఫోన్లో అమ్మకి జరిగిందంతా చెప్పాను.

"అదేంటే, వదిలేముందు పట్టుకున్నావా అని అడగదా అది?" అంది అమ్మ.

మజ్జిగ గ్లాసైనా, వేడి గిన్నె అయినా, చంటిపిల్లనైనా, వదిలేముందు అనే మాట. నేనూ వేలసార్లు అన్న మాటే. పట్టుకున్నావా? ఆ, పట్టుకున్నా. అప్పుడు చేయి తీస్తాం. రెండు న్యూటన్ల గురించి ఏడాదిన్నర పని చేశాను, ఈ మాట ఒక్కసారీ తట్టలేదు.

మర్నాడు ఆశ్రమానికి వెళ్ళి, అనుమతి తీసుకుని, ఆ ఇండోనేషియా అమ్మాయి కప్పు ఇవ్వడాన్ని వీడియో తీశాను. ముందు ఆ పెద్దావిడ కళ్ళకి సమంగా వంగుతుంది. కప్పు కుడిచేతిలో, ఎడమచేయి దాని అడుగున. ఆవిడ రెండు చేతులూ కప్పు చుట్టూ వచ్చాక "మోచిమాషిత కా?" అంటుంది. పట్టుకున్నారా అని. జవాబు వచ్చాక కుడిచేయి తీస్తుంది. ఎడమచేయి మాత్రం అక్కడే, కప్పుకి తగలకుండా రెండంగుళాల కింద ఉంటుంది. వణుకు కొంచెం నెమ్మదించి ఆవిడ మొదటి గుక్క తాగాక అది కూడా వెనక్కి వస్తుంది. ఇన్నాళ్ళూ వదలడమంటే ఒక్క క్షణం అనుకుని ఆ క్షణం కోసం వెతికాను. ఆమె వదలడానికి నాలుగున్నర సెకన్లు తీసుకుంటోంది.

"ఇలా నేర్పించారా?" అనడిగాను. కింద చేయి పెట్టడం ఇక్కడ నేర్చుకున్నానంది. కుడిచేయి మాత్రం ఇంటి నుంచి తెచ్చుకున్నానంది.

మూడు వారాలు పట్టింది మాకు. రెండు చేతులు వాడితే రోబో చేయి అందే దూరం తగ్గుతుంది, రోబో మనిషికి ఇంకా దగ్గరికి రావాలి, దగ్గరికి వచ్చేకొద్దీ వేగం తగ్గాలి. ఎడమచేయి ఇప్పుడు కప్పు కింద ఉంటుంది. దాన్ని దాచలేదు. కప్పు జారితే పట్టుకునేది అదే. అది నాకు ఎంత తృప్తిగా ఉందో మాటల్లో చెప్పలేను. పోయిన గురువారం మళ్ళీ అదే ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాం. రోబో "మోచిమాషిత కా?" అని అడిగింది. ఆవిడకి వినపడలేదు. రోబో ఆగింది. ఇండోనేషియా అమ్మాయి చెవి దగ్గర వంగి అదే మాట మళ్ళీ అడిగింది. "హాయ్, మోచిమాషిత" అంది ఆవిడ, రోబో వైపే చూస్తూ. కప్పులో టీ ఊగుతూనే ఉంది. ఒలకలేదు.

నిన్న మీటింగులో లెక్కలు పెట్టారు. ఒక కప్పు అందించడానికి ఇదివరకు రెండు సెకన్లు పట్టేది, ఇప్పుడు ఏడు. ఐదుకి తగ్గించమన్నారు. చేయి చాచడంలో తగ్గిస్తే పొడవడానికి వచ్చినట్టుంటుంది. వెనక్కి తీయడంలో తగ్గిస్తే లాక్కున్నట్టుంటుంది. మధ్యలో నాలుగున్నర ఆ పెద్దావిడది, అది నా చేతిలో లేదు. తగ్గించడం కుదరదని చెప్పాను. ఎందుకని అడిగితే, ఈసారి నాయనమ్మ సంగతి కూడా చెప్పాను.

మా టీం లీడర్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కాగితం మీద ఐదు కొట్టేసి, ఏడు అని రాసుకున్నాడు.