ఆరు నిమిషాల ఆలస్యం

పన్నెండు నలభై ఆరుకు నకిరేకల్ దగ్గరి టీ కొట్టు ముందు సైకిల్ ఆపి, చెమటతో తడిసిన బ్రెవే కార్డును, అంటే దూరపు సైకిల్ సవారీలో దారి పొడవునా ముద్రలు వేయించుకునే కార్డును, ఆయన నా ముందుకు చాచినప్పుడు, చేతిలో ఉన్న ముద్రను ఏం చేయాలో నాకు తోచలేదు.

ఎల్బీ నగర్ నుండి ఉదయం ఆరింటికి మొదలైన 200 కిలోమీటర్ల సవారీలో ఇది సగం దారి. మొత్తం దూరానికి 13 గంటల 30 నిమిషాలు గడువు కాగా, గంటకు 15 కిలోమీటర్ల లెక్కన ఇక్కడి కంట్రోల్, అంటే కార్డుకు ముద్ర వేసే తనిఖీ కేంద్రం, పన్నెండు నలభైకే మూతపడుతుంది. దారిలో ప్రమాదానికి గురైనవారికి సాయపడి ఆలస్యమైతే మినహాయింపు ఇవ్వవచ్చు గాని, ఆయనకు అయినవి రెండు పంక్చర్లు.

ముద్ర వేయలేదు. "నియమం నియమమే కదండీ" అని ఆయనే నవ్వి, మజ్జిగ తాగి, వెంట సహాయ వాహనమేదీ ఉండదు కనుక, తిరుగు దారి వంద కిలోమీటర్లూ ఎండలో తొక్కుకుంటూనే వెళ్లారు. వాదించి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేదేమో!

పొద్దున ప్రతి సైకిల్‌కూ వెనక లైటు, ప్రతి ఒక్కరికీ మెరిసే జాకెట్టు ఉన్నాయో లేదో నేనే స్వయంగా చూశాను. అదనపు ట్యూబులు ఎన్ని తెచ్చుకున్నారని మాత్రం ఎవరినీ అడగలేదు.