సిగరెట్ మానిన తొలి వారాల ఆందోళన

సిగరెట్ మానిన మనిషిని మళ్లీ దాని దగ్గరకు చేర్చేది చాలా సందర్భాల్లో రుచి కాదు, ఆందోళన. గుండె దడ, నిద్ర పట్టకపోవడం, అయినదానికీ కానిదానికీ ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడం మొదలయ్యేసరికి "ఇది లేకపోతే నేను తట్టుకోలేను" అనే నిర్ణయానికి వచ్చేస్తారు. స్వభావరీత్యా కంగారు మనిషినైన నేను ఆ వారాలను దాటి వచ్చాను కనుక, ఆ నిర్ణయం ఎందుకు సరైనది కాదో చెప్పాలనిపించింది.

పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిన్ మెదడుకు చేరి, హాయి కలిగించే డోపమైన్‌ను విడుదల చేయిస్తుంది. కానీ రక్తంలో దాని మోతాదు సుమారు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది, దానికి అలవాటుపడిన మెదడు ఆ లోటును అసహనంగా, దడగా బయటపెడుతుంది. తర్వాతి సిగరెట్ తీర్చేది ఎక్కువగా ఆ లోటునే.

టంగుటూరు, కొండపి, పొదిలి ప్రాంతాల్లో వర్జీనియా పొగాకు పండించే కుటుంబాలకు దిగులు కొత్త కాదు. మా బావగారు కూడా ఆ సాగే చేస్తారు. ఒకసారి పొగాకు వేలానికి ఆయనతో వెళ్లినప్పుడు ఒక బేలును, అంటే పొగాకు కట్టను, ఎవరూ పాడలేదు. ఆయన బయటికి వచ్చి సిగరెట్ వెలిగించి, నాలుగు దమ్ములు లాగాక "ఇప్పుడు కాస్త నిమ్మళంగా ఉంది బావా" అన్నారు. బేలు అక్కడే ఉంది, కౌలు బాకీ అలాగే ఉంది. ఆ తర్వాత మిగతా బేళ్లకు మంచి ధరే పలికింది, దిగులుపడాల్సిన కారణమే లేదు, అయినా గంట తిరక్కముందే ఆయన వేళ్లు మళ్లీ జేబు తడుముకున్నాయి. ధర గురించిన దిగులూ నికోటిన్ లోటూ ఒకే దడగా తోచడం వల్ల, రెండింటికీ సిగరెట్టే మందని మనసు నమ్ముతుంది.

మానిన తర్వాత ఈ లక్షణాలు మొదటి రోజునే మొదలై, రెండు మూడు రోజులకు తీవ్రమై, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. 26 అధ్యయనాలను కలిపి పరిశీలించి 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్ష, కొనసాగించినవారితో పోలిస్తే మానినవారిలో ఆందోళన, కుంగుబాటు, ఒత్తిడి తగ్గాయని తేల్చింది. మానసిక సమస్యలున్నవారి విషయంలోనూ ఫలితం అదే కావడం నాకు ఎంతో ధైర్యమిచ్చింది.

కాఫీ, టీల సంగతి మాత్రం చాలామందికి తెలియదు. పొగలోని కొన్ని రసాయనాల వల్ల కాలేయం కెఫీన్‌ను త్వరగా విరగ్గొడుతుంటుంది, మానిన కొద్ది రోజుల్లోనే ఆ వేగం తగ్గిపోతుంది. అంటే ఎప్పటిలాగే తాగిన కాఫీ శరీరంలో ఎక్కువసేపు నిలిచి, చేతుల వణుకునూ దడనూ పెంచుతుంది, ఆ దడను సిగరెట్ మానడం వల్ల వచ్చిన ఆందోళనగా మనం పొరబడతాం. నేను ఉదయం కాఫీ ఒక్కటి ఉంచుకుని మిగతా వేళల్లో మజ్జిగకు మారాక, రాత్రి నిద్రలో తేడా స్పష్టంగా తెలిసింది.

పళ్ల బిగువున ఓర్చుకోవాల్సిన అవసరమూ లేదు. నికోటిన్ గమ్‌ను గబగబా నమిలేయకుండా, కాస్త నమిలి, ఘాటు తగలగానే బుగ్గన పెట్టుకుంటే ఆ లోటు మెల్లగా సర్దుకుంటుంది. సిగరెట్ మానడానికి తోడ్పడే వరెనిక్లిన్ వంటి మందులు వైద్యుల సలహాతో వాడుకోవచ్చు. మానడానికి సాయం చేసే ఫోన్ నంబరు 1800-11-2356, ఆందోళన గురించి మాట్లాడడానికి టెలీ మానస్ 14416 ఉచితంగా అందుబాటులో ఉన్నాయి. క్లోజపిన్, ఓలాంజపిన్ వంటి మానసిక వ్యాధుల మందులు వాడేవారు మాత్రం మానే ముందే వైద్యుడికి తప్పక చెప్పాలి, ఎందుకంటే మానాక వాటి మోతాదు మార్చాల్సి రావచ్చు.

బావగారు వేలం ముగిశాక మానతానంటున్నారు. వేలం ముగియగానే నారుమళ్లు, ఆ వెనుకే నాట్లు, తర్వాత ఆకును కాల్చి ఆరబెట్టే బ్యారన్ల దగ్గర రాత్రింబవళ్ల కాపలా, మళ్లీ వేలం. దిగులు లేని నెల ఆ సాగులో నాకైతే కనబడలేదు. అందుకే ఈ వారమే మొదలుపెట్టమనీ, కష్టంగా ఉండే తొలి రోజుల్లో వేలానికి నేనూ వెంట వస్తాననీ ఆయనతో చెప్పాను.