రెండు చక్రాల మధ్య దూరం: రాస్ 2తో నా పనుల నమోదు

రోబోలను నడిపే ప్రోగ్రాములు రాసుకోవడానికి వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రాస్ 2. దానితో రెండు చక్రాల చిన్న రోబో బండిని నడిపించే పని పెట్టుకున్నాను. మొదటి వారమంతా ఏర్పాట్లకే సరిపోయింది. పాత లాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 వేసుకుని, దానికి సరిపడే, జాజీ అనే రాస్ 2 విడుదలను ఎక్కించుకున్నాను. రాస్ 2లో దీర్ఘకాలిక మద్దతు గల ప్రతి విడుదలా ఒక ఉబుంటు సంచికతో ముడిపడి ఉంటుంది, హంబుల్‌కు 22.04, జాజీకి 24.04. 2024 మే నెలలో వచ్చిన జాజీకి 2029 మే వరకు మద్దతు ఉంది కనుక, కొత్తగా మొదలుపెట్టేవారికి ఈ జతే మేలని నా అభిప్రాయం. చేతికి దొరికిన పాఠంలో క్యాట్కిన్ అనే బిల్డ్ సాధనం పేరు కనిపిస్తే, అది 2025 మేతో మద్దతు ముగిసిన రాస్ 1కు చెందిన పాఠమని గుర్తించి పక్కన పెట్టాలి.

రెండో వారం, బండిని నడిపే కంట్రోలర్ ప్యాకేజీని మూలం నుంచి కట్టుకున్నాను. వర్క్‌స్పేస్ అనే ఫోల్డర్‌లో ఎస్ఆర్‌సీ అనే ఉపఫోల్డర్ పెట్టి, అందులోకి కోడ్‌ను క్లోన్ చేసి, రాస్‌డెప్ అనే సాధనంతో కావలసిన ఇతర ప్యాకేజీలను తెప్పించి, కోల్కాన్ అనే సాధనంతో బిల్డ్ చేయాలి. నా యంత్రంలో 4 జీబీ మెమరీయే ఉన్నందున మొదటి బిల్డ్ మధ్యలోనే స్తంభించింది. కోల్కాన్‌లోని ప్యారలల్ వర్కర్స్ అనే ఐచ్ఛికాన్ని 1కి తగ్గించినా అదే జరిగింది. ఆ ఐచ్ఛికం ఒకేసారి బిల్డ్ అయ్యే ప్యాకేజీలను మాత్రమే తగ్గిస్తుంది. ఒక ప్యాకేజీ లోపల ఏకకాలంలో కంపైల్ అయ్యే ఫైళ్లను తగ్గించాలంటే మేక్‌ఫ్లాగ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో కూడా ఒక్కటే అని చెప్పాలి. రెండూ పెట్టిన తర్వాత పని నెమ్మదిగానైనా చివరిదాకా సాగింది. బిల్డ్ అయ్యాక ప్రతి కొత్త టెర్మినల్‌లోనూ మన వర్క్‌స్పేస్ సెటప్ ఫైలును సోర్స్ చేయాలి, అంటే సోర్స్ ఆదేశంతో ఆ టెర్మినల్‌లోకి చదివించాలి. అది మరచిపోతే మనం మార్చిన కోడ్ కాక, ముందుగా ఇన్‌స్టాల్ చేసుకున్న పాత ప్యాకేజీయే నడుస్తుంది.

మూడో వారం బండిని నేల మీదికి దించాను. ఇరువైపులా రెండు చక్రాలు, వెనుక ఆనికగా ఒక చిన్న గోళీ చక్రం ఉన్న బండి ఇది. రెండు చక్రాల వేగాల్లోని తేడాతోనే మలుపు తిరుగుతుంది. మొదట గచ్చు మీద సుద్దతో రెండు మీటర్ల గీత గీసి నేరుగా నడిపించాను. టేపుతో కొలిచిన దూరమూ, ఓడోమెట్రీ (చక్రాలు తిరిగిన లెక్కను బట్టి బండి కదలికను అంచనా వేసే పద్ధతి) చెప్పిన దూరమూ కలిశాయి. తర్వాత ఉన్నచోటనే పది చుట్లు తిప్పాను. రాస్‌లో కోణాలను రేడియన్లలో చెబుతారు కనుక పది చుట్లంటే 62.83 రేడియన్లు, సెకనుకు ఒక రేడియన్ చొప్పున దాదాపు 63 సెకన్లు పడుతుంది. పది చుట్లూ పూర్తయ్యాయని ఓడోమెట్రీ చూపింది, కానీ బండి ముక్కు మాత్రం తొమ్మిదో చుట్టు ముగియడానికి సుమారు 40 డిగ్రీల ముందే ఆగిపోయింది.

చక్రం వ్యాసార్ధం తప్పైతే తిన్నని నడకలోనూ తేడా రావాలి, రాలేదు. కాబట్టి లోపం చక్రాల మధ్య దూరంలోనే ఉండాలని తేల్చుకుని, బండిని తిరగేసి మళ్లీ కొలిచాను. చక్రాల లోపలి అంచుల మధ్య 16 సెంటీమీటర్లు ఉంది, కంట్రోలర్‌లో చక్రాల మధ్య దూరాన్ని తెలిపే పరామితికి నేను 0.16 మీటర్లనే రాశాను. అయితే ఒక్కో చక్రం 2 సెంటీమీటర్ల వెడల్పు కనుక, నడుమ నుంచి నడుమకు ఉన్న దూరం 18 సెంటీమీటర్లు. విలువను 0.18కి మార్చగానే పది చుట్ల తర్వాత బండి ముక్కు సుద్దగీత మీదే నిలిచింది. ఆ పూట నాకు కలిగిన తృప్తి ఇంతంత కాదు.

నాలుగో వారం పని దీని నుంచే పుట్టింది. ఆ పరామితి వివరణలో "చక్రాల మధ్య దూరం" అనే అర్థం వచ్చే మాటలే ఉన్నాయి తప్ప, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలో లేదు. నాలా టేపు పట్టుకుని కూర్చున్నవారికి అది చాలదనిపించి, ఒక వాక్యం చేర్చి, ఆ మార్పును కలుపుకోమని ప్రాజెక్టు వారికి పుల్ రిక్వెస్ట్ పంపాను. మార్పును ముందుగా, తాజా అభివృద్ధి జరిగే రోలింగ్ శాఖకే పంపాలి. పాత విడుదలలకు తర్వాత తెస్తారు. పంపేముందు కోల్కాన్ టెస్ట్ నడిపితే, నా వాక్యం ఒక వరుసకు ఉన్న 100 అక్షరాల హద్దు దాటిందని లింటర్ (రాసిన తీరును తనిఖీ చేసే సాధనం) పట్టుకుంది, దాన్ని విరిచి రాశాను. అయినా పంపిన వెంటనే ఒక తనిఖీ ఎర్రబడింది: కమిట్ చివర సంతకపు వరుస లేదు. ఈ కోడ్‌ను ప్రాజెక్టు లైసెన్సు కింద ఇచ్చే హక్కు నాకుందని ప్రకటించే వరుస అది. గిట్ కమిట్‌కు ఎస్ అనే ఐచ్ఛికం చేరిస్తే దానంతట అదే వస్తుంది. కమిట్‌ను సవరించి మళ్లీ పంపాను.

సమీక్షకులు ఒకరు, "చక్రాల నడుమ" అన్నా అయోమయం మిగులుతుందని, నేలను తాకే బిందువుల మధ్య దూరమని రాయమని సూచించారు. వాలుగా బిగించిన చక్రాలకు కూడా అదే సరిపోతుందని వారు వివరించినప్పుడు, ఒక్క వాక్యం మీద అంత శ్రద్ధ పెట్టినందుకు ఎంతో గౌరవం కలిగింది. ఆ మాటతోనే మార్పు రోలింగ్‌లో చేరింది. అదే మార్పును జాజీకి తెచ్చే పుల్ రిక్వెస్ట్ ఇంకా సమీక్షలో ఉంది. ఈలోగా ఎడమవైపు, కుడివైపు పది చుట్ల చొప్పున తిప్పి, రెండు వైపులా తేడా సమానంగా ఉందో లేదో నమోదు చేస్తున్నాను.