సోడియం తలుపులు, నా ఎడమ బుగ్గ

నర్సాపురంలో ఉంటూ గోదావరి అవతల, సఖినేటిపల్లి వైపు బళ్ళో సైన్సు చెబుతాను. రోజూ రెండుసార్లు రేవు దాటించే పంటు, అంటే పెద్ద పడవ, ఎక్కాల్సిందే. రెండేళ్ళ కిందట సంక్రాంతి సెలవులయ్యాక బడి తెరిచిన రోజు, పంటు వశిష్ఠ అనే గోదావరి పాయ మధ్యకి వచ్చేసరికి చలిగాలి ముఖానికి కొట్టింది. ఎడమ ముక్కుపుటం పక్కనుంచి పై పళ్ళ మీదుగా కరెంటు షాకులాంటి పోటు. పది సెకన్లు కూడా లేదు. చేతిలో క్యారేజీ జారి కిందపడింది. అంతలోనే ఏమీ జరగనట్టు అయిపోయింది. రేవు దగ్గరపడేలోపు మళ్ళీ వచ్చింది.

నాలుగు రోజులు గడిచేసరికి పళ్ళు తోముకోవాలంటే భయం, ముఖం కడుక్కోవాలంటే భయం. అన్నం కలుపుకొని మొదటి ముద్ద పట్టుకుని కూర్చునేదాన్ని, నోరు తెరవడానికి ధైర్యం చాలక. చీర కొంగు బుగ్గకి రాసుకుంటే పోటు. ముక్కుపుడక తీసేశాను. ఒక చిత్రం ఏమిటంటే, బుగ్గని అరచేత్తో గట్టిగా నొక్కిపెడితే వచ్చేది కాదు, ఈకతో తాకినట్టు తాకితే వచ్చేది. పంటి పోటు అలా ఉండదని నాకు అప్పుడే తట్టాల్సింది. క్లాసులో హాజరు పిలవలేక లీడరు చేత పిలిపించేదాన్ని.

పన్నే అనుకున్నాం. పళ్ళ డాక్టరు చిగురుకి మత్తు ఇంజక్షన్ ఇచ్చారు. ఇచ్చిన గంటా గంటన్నర ఒక్క పోటు లేదు. ఇంకేం, దొంగ దొరికినట్టే అని ఆయనా నేనూ కూడా నమ్మాం. పన్ను తీసేశారు. మూడో రోజు మళ్ళీ మొదలు. ఇంకోచోటికి వెళితే పక్క పన్ను తీశారు. రెండూ గట్టి పళ్ళే. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఫిబ్రవరి నెలాఖరులో మావారు రాజమండ్రి తీసుకెళ్ళారు, నరాల డాక్టరుగారి దగ్గరికి. ఎంతసేపుంటుంది, ఒకవైపేనా, నిద్రలో లేపుతుందా అని అడిగారు. చెప్పాను. అప్పుడు ఆయన అడిగిన ప్రశ్నకి నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

"పళ్ళు ఎన్ని తీయించుకున్నారమ్మా?"

"రెండండి."

ట్రైజెమినల్ న్యూరాల్జియా అన్నారు. ఎమ్మారైలో తేలింది: ముఖానికి స్పర్శనిచ్చే నరం మెదడు కాండం దగ్గర మొదలయ్యేచోట ఒక రక్తనాళం దానిమీద ఆనుకుని ఉంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా ఒరుసుకుని నరం పై పొర అరిగిపోతుందట. పొర పోయినచోట నరం తనంతట తనే, లేదా చిన్న స్పర్శకే, వరసపెట్టి సంకేతాలు పంపేస్తుంది. కార్బమజపిన్ అనే మాత్ర రాస్తూ "ఇది సోడియం ఛానల్స్ మీద పనిచేస్తుంది" అన్నారు.

ఆ మాట నాకు కొత్త కాదు. నాడీ కణంలోకి సోడియం దూకడం, పొటాషియం బయటికి రావడం ఎన్నేళ్ళుగానో పిల్లలకి చెబుతున్నాను. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ అనే శాస్త్రవేత్తలు స్క్విడ్ అనే సముద్రజీవి నరం మీద ఆ ప్రయోగాలు చేసి 1963లో నోబెల్ అందుకున్నారని కూడా చెబుతాను. ఆ పాఠం నా బుగ్గలోనే జరుగుతోందని మాత్రం ఆ రోజు తెలిసింది.

మా నాన్నగారు కాలవ లాకుల దగ్గర లస్కరు. ఎగువ నీటిమట్టం చూసుకుని తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. నాడీ కణం గోడలో ఉండే సోడియం ఛానల్, అంటే సోడియం తలుపు కూడా అంతే. సంకేతం రాగానే తెరుచుకుంటుంది, వెయ్యో వంతు సెకనులో తనే మూతపడుతుంది, కాస్త ఆగితేగాని మళ్ళీ తెరవడానికి సిద్ధం కాదు. కార్బమజపిన్ అలా మూతపడ్డ తలుపుని పట్టుకుని ఇంకాస్సేపు ఆపుతుంది. అందుకే మామూలుగా ఒకటీ అరా సంకేతం పంపే నరాన్ని పెద్దగా కదిలించదు, విరామం లేకుండా పేలుతున్న నరాన్ని ఎక్కువ అణుస్తుంది. ఈ సంగతి చదివినప్పుడు నాకు చెప్పలేనంత ధైర్యం వచ్చింది. చిగురు కింద ఇచ్చిన మత్తు ఇంజక్షన్ మూసిందీ ఈ సోడియం తలుపుల్నే. పోటు పుట్టేది పైన, తాకితే రెచ్చిపోయే చోటు కింద. కింద మూసినంతసేపూ ఆగింది, మేం పన్నుని దోషిని చేశాం.

ఈ మందుని 1953లో వాల్టర్ షిండ్లర్ స్విట్జర్లాండులో తయారుచేశారు. 1962లో సిగ్‌ఫ్రిడ్ బ్లోమ్ అనే స్వీడన్ వైద్యుడు ఈ నొప్పికి పనిచేస్తోందని రాశారు. వాళ్ళిద్దరికీ మనసులో దండం పెట్టుకున్నాను.

రోజుకి రెండుసార్లు వంద మిల్లీగ్రాములతో మొదలు. ఒంటిమీద దద్దుర్లు గానీ నోట్లో పుళ్ళు గానీ వస్తే వెంటనే ఫోన్ చేయమన్నారు. మూడో రోజుకి పోటు సగమైంది, వారానికి పోయింది. తల తిరిగేది, పంటు దిగేటప్పుడు ఎవరిదో చెయ్యి పట్టుకునేదాన్ని. నెల తిరిగేసరికి పోటు మళ్ళీ తొంగిచూసింది. మందు పాడైందేమో అనుకున్నాం. అది కాదట, ఈ మందు అలవాటయ్యేకొద్దీ లివరు దాన్ని త్వరగా ఖర్చు చేసేస్తుందట. మోతాదు పెంచారు.

మే నెలలో అసలు గండం వచ్చింది. కాలవలు కట్టేశారు, ఎండ మాడ్చేస్తోంది. నాకు వికారం, తలనొప్పి, మగత. స్టవ్ మీద పాలు పెట్టి ఎందుకు నిలబడ్డానో తెలియలేదు. మా ఆడపడుచు కూతురి పేరు గుర్తురాలేదు. అందరూ వడదెబ్బే అన్నారు. అత్తయ్యగారు ప్రేమగా బొండాం తర్వాత బొండాం కొట్టించి తాగించారు, మధ్యలో గ్లాసులకొద్దీ నీళ్ళు. తాగినకొద్దీ మత్తు ఎక్కువైంది. సాయంత్రానికి రక్తపరీక్షలో సోడియం 121. ఉండాల్సింది 135 నుంచి 145.

కార్బమజపిన్ కొందరిలో నీటిని బయటికి పోనీయదు. నీరు నిలిచి రక్తంలో ఉప్పు పలచబడుతుంది. నరాల మీద తలుపులు పట్టుకునే పనికీ దీనికీ సంబంధం లేదు, ఇది వేరే దారి. పైగా నా బీపీ మాత్రలో కలిసి ఉన్న, ఒంట్లో నీటిని మూత్రంలో పంపేసే మందు కూడా సోడియం తగ్గించేదే. కొబ్బరినీళ్ళలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. మూడూ కలిశాయి. ఆసుపత్రిలో సోడియాన్ని గంటగంటకీ చూసుకుంటూ నెమ్మదిగా పెంచారు, ఒక్కసారిగా పెంచితే మెదడుకే ప్రమాదమట. బీపీ మాత్ర మార్చారు. కార్బమజపిన్ తగ్గించి, రాత్రిపూట గాబాపెంటిన్ కలిపారు. అది కాల్షియం తలుపుల పక్కనుండే ఒక ముక్కకి అంటుకుని పనిచేస్తుంది. ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈ మాత్ర వేసుకునేవాళ్ళెవరైనా ఎండాకాలంలో మగతగా ఉంటే దయచేసి వడదెబ్బని సరిపెట్టుకోకండి, సోడియం చూపించుకోండి. మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి కూడా.

ఆపరేషన్ మాట కూడా చెప్పారు, నరానికీ రక్తనాళానికీ మధ్య చిన్న మెత్త పెడతారు. మందులు పనిచేసినన్నాళ్ళు చూద్దామన్నాను. మూడు నెలలకోసారి రక్తపరీక్ష, మొన్నటిది 136. చలికాలం పంటులో ఎడమవైపు శాలువా కప్పుకుంటాను.

ఈ ఏడాది నాడీ వ్యవస్థ పాఠానికి బోర్డు మీద లాకు బొమ్మ వేశాను. నా మాత్ర సంగతీ చెప్పాను. వెనక బెంచీ పిల్ల లేచి, "మరి పొటాషియానికి వేరే తలుపుంటుందా టీచర్, దానికీ మందుందా?" అంది. ఉందన్నాను. ఆ రెండో తలుపు బొమ్మ వేస్తుండగా బెల్లు కొట్టారు. ఎవరూ లేవలేదు.