బండి ఆపినాక తిరిగే ఫ్యాను

కువైట్‌లో షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా పని చేస్తున్నాను. ఎండాకాలం వచ్చిందంటే నాకు ఫోన్లు చేసేది ఎక్కువగా హౌస్ డ్రైవర్లే. మా రాజంపేట, రాయచోటి వైపు పిల్లలు. ఆర్టికల్ 20 వీసా, అంటే ఇంటిపనివాళ్ల వీసా మీద వచ్చి, బాబా (యజమాని) ఇంటి ఆవరణలోనే చిన్న రూములో ఉంటారు. కారుకు ఏమైనా మొదటి మాట వాళ్లమీదికే వస్తుంది.

జూలైలో ఒక రాత్రి ఒక పిల్లోడు ఫోన్ చేశాడు. గొంతులో వణుకు.

"అన్నా, తాళం తీసేసినా ఇంజిన్ ముందర ఫ్యాను తిరుగుతానే ఉంది. బాబా చూస్తే నేనే చెడగొట్టినా అంటాడు."

"ఎంతసేపు తిరుగుతాంది?"

"అయిదు నిముషాలుంటుందేమోన్నా. నేను రూములోకి వచ్చేసినా."

"ఎండలకు అట్లే తిరుగుతాదిలేప్పా, ఏం కాదు పడుకో."

నేను చెప్పింది అబద్ధం కాదు. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ వాటర్ పంపు కూలెంటును, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లను తిప్పుతుంటుంది. ఆపగానే పంపు ఆగిపోతుంది, లోహంలో నిండిన వేడి మాత్రం ఎక్కడికీ పోదు, కదలకుండా నిలిచిన కూలెంటులోకి దిగుతుంది. 90 డిగ్రీల దగ్గరున్న కూలెంటు బండి ఆపాకనే ఇంకా పైకి ఎక్కుతుంది. అందుకే చాలా కార్లలో ఫ్యానుకు తాళంతో పని లేకుండా నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చి ఉంచుతారు. వేడి దిగాక దానంతటదే ఆగుతుంది. ఈ దేశంలో 2016 జూలై 21న మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు నమోదైంది. పీల్చుకునే గాలే అంత వేడిగా ఉంటే ఫ్యాను నాలుగు నిముషాలు ఎక్కువ తిరగడంలో వింత లేదు.

అయితే అడగాల్సింది ఇంకొకటుంది, నేను అడగలేదు. తెల్లారి, ఇంజిన్ చల్లబడ్డాక కూడా తిరుగుతోందా అని. "రూములోకి వచ్చేసినా" అన్నాడంటే ఫ్యాను ఆగడం వాడు చూడలేదన్నమాట. ఆ మాట దగ్గరే నాకు తట్టి ఉండాల్సింది.

మూడో రోజు పొద్దున బ్యాటరీ దిగిపోయి బండి స్టార్ట్ కాలేదు. బ్యాటరీ డబ్బులు జీతంలో పట్టుకుంటానన్నాడట బాబా. వాడి జీతం 120 దినార్లు, అందులో ఎక్కువ భాగం ఇంటికే పంపుతాడు. ఈలోగా ఒక గ్యారేజీవాళ్లు బానెట్ ఎత్తి చూసి థర్మోస్టాటూ (వేడిని బట్టి కూలెంటుకు దారి తెరిచే వాల్వు), టెంపరేచర్ సెన్సరూ రెండూ మార్చాలని చెప్పి పోయారు. మీటరు పెట్టి చూసిందే లేదు. అది విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

శుక్రవారం తెల్లారి 5 గంటలకు సల్మియాలో వాడుండే ఇంటికి వెళ్లాను. పాత సెడాన్, ముందు రెండు ఫ్యాన్లు. బ్యాటరీలో 4.8 వోల్టులున్నాయి. నా బండి నుంచి కేబుళ్లు తగిలించగానే కుడివైపు ఫ్యాను గిర్రున తిరిగింది. తాళం ఇంకా పిల్లోడి జేబులోనే ఉంది. ఇంజిన్ మీద చెయ్యి పెడితే వేడే లేదు.

కారు కంప్యూటరు లెక్కలు చూపించే స్కానరు పెట్టి చూస్తే కూలెంటు 35 డిగ్రీలు. బయట గాలీ అంతే. అంటే సెన్సరు నిజమే చెబుతోంది. దాని వైరు తెగితే సాధారణంగా స్కానరులో మైనస్ 40 కనబడుతుంది, కంప్యూటరు ఇంజిన్‌ను కాపాడుకోవడానికి ఫ్యానును వేసేస్తుంది. ఇక్కడ ఆ గొడవ లేదు. చల్లటి ఇంజిన్ మీద ఫ్యాను తిరుగుతుంటే థర్మోస్టాటును అనుమానించే పనే లేదు.

ఫ్యూజు బాక్సు మూత తీసి ఆ ఫ్యాను రిలే, అంటే దానికి కరెంటు కలిపి తీసే స్విచ్చు పీకాను. ఫ్యాను ఆగింది. రిలే అడుగున 30, 87, 85, 86 అని నాలుగు కాళ్లుంటాయి. 30లోకి బ్యాటరీ కరెంటు వస్తుంది, 87 నుంచి ఫ్యానుకు పోతుంది, మిగతా రెండూ ఆ దారిని కలిపే కాయిల్‌వి. పీకి చేతిలో పెట్టుకున్న రిలేలో 30కీ 87కీ మధ్య దారి ఉండకూడదు. మీటరు ముళ్లు పెడితే బీప్‌మని మోగింది. డబ్బా విప్పి పిల్లోడికి చూపించాను. నల్లగా మాడిన రెండు కాంటాక్టులు ఆవగింజంత చుక్క దగ్గర కరిగి అతుక్కున్నాయి. గోటితో ఎత్తితే టక్‌మని ఊడింది. బాగా వేడెక్కినప్పుడు అతుక్కుని, కొన్నిసార్లు దానంతటదే విడిపోతూ వచ్చింది. చివరికి ఒక రాత్రి విడిపోలేదు.

రిలే మార్చేసి డబ్బులు తీసుకుని పోవచ్చు. కానీ అది ఊరికే మాడదు. రిలే తీసి ఉంచే, ఫ్యాను రెక్కను చేత్తో తిప్పి చూశాను. గరగరమంటూ బిగుసుకుని ఉంది, బేరింగులో ఇసుక చేరింది. (తాళం లేకుండా తిరిగే ఫ్యానులో రిలే పీకకుండా ఎవరూ చెయ్యి పెట్టకండి, వేళ్లు పోతాయి.) అదే నంబరున్న హారన్ రిలే తీసి పెట్టి, బండి స్టార్ట్ చేసి, ఏసీ వేసి, వైరులో పోయే కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తగిలించాను. ఎడమ ఫ్యాను 11 ఆంపియర్లు లాగుతోంది, ఇది 24. 60 ఆంపియర్ అవర్ బ్యాటరీని రాత్రికి రాత్రి ఊడ్చేయడానికి అది చాలు. కొత్త రిలే ఒక్కటే పెడితే అదీ అతుక్కుంటుంది. మోటారు మార్చక తప్పదు.

బాబా లేచి వచ్చాడు. కువైటీలు ఫ్యానును పంకా అనే అంటారు, కాబట్టి చెప్పడం కష్టం కాలేదు. మాడిన రిలే అరచేతిలో పెట్టి, గట్టిపడ్డ రెక్కను ఆయన చేతే తిప్పించాను. "డ్రైవర్ మా సవ్వా షై" అన్నాను, డ్రైవరు ఏం చెయ్యలేదని. ఆయన రెక్కను ఇంకోసారి తిప్పి చూసుకుని, మోటారు తెప్పించమన్నాడు. జీతంలో కోత లేదన్నాడు.

బ్యాటరీని షెడ్డుకు తెచ్చి రాత్రంతా తక్కువ కరెంటు మీద చార్జింగు పెట్టాను. పొద్దునకు 12.4 వోల్టులు చూపించింది. ఒకసారి అంత అడుక్కు దిగిన బ్యాటరీ ఎక్కువ కాలం రాదని బాబాకు ముందే చెప్పి పెట్టాను. రేపు అది పోయినప్పుడు మళ్లీ పిల్లోడి మీదికి రాకూడదు.

మోటారు బిగించిన మరునాడు రాత్రి వాడే ఫోన్ చేశాడు. "ఈసారి నిలబడి చూసినా అన్నా. నిముషం నలభై సెకన్లకు ఆగిపోయింది."

"పొద్దున?"

"పొద్దున లేచి చూస్తే కదల్లేదన్నా."