ఎనభయ్యో పడి

ఏ అనువాదం పూర్తి చేసినా మొదట నాన్న చేతికే ఇస్తాను. ఈసారి మూడో పేజీలో ఆయన పెన్సిలు ఆగింది. మూలంలో ‘ఆక్టోజెనేరియన్’ అని ఉన్నచోట నేను ‘ఎనభై ఏళ్ళ వృద్ధుడు’ అని రాశాను. ‘వృద్ధుడు’ చుట్టూ సున్నా చుట్టి, పక్కనే 84 అని తన వయసు వేశారు. “ఆ మాటలో వృద్ధుడు ఎక్కడున్నాడమ్మా?” అని అడిగారు.

నిజంగానే లేడు. లాటిన్‌లో ‘ఆక్టోజింటా’ అంటే ఎనభై. ఆ కుదురు నుంచి వచ్చిన ఈ మాటకు 80 నుంచి 89 ఏళ్ళ వయసున్న మనిషి అనే అర్థం. ఆడవారికైనా మగవారికైనా ఒకటే మాట. వంగిన నడుము, చేతికర్ర మనం తగిలించినవే. నా కథలోని మనిషికి 87 ఏళ్ళు, రోజూ పొద్దున్నే ఈత కొడతాడు. ఆయన వయసులో ఏడేళ్ళు కోసేసి, లేని నీరసం అంటగట్టాను. ఒకే మాటలో రెండు తప్పులు! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇదే వరసలో అరవైలకు సెక్సాజెనేరియన్, డెబ్బైలకు సెప్టువజెనేరియన్, తొంభైలకు నానజెనేరియన్ ఉన్నాయి. నూరు నిండినవారు సెంటినేరియన్లు. 110 నిండితే ముందు ‘సూపర్’ చేరుతుంది. 1997లో 122 ఏళ్ళ వయసులో కన్నుమూసిన ఫ్రెంచి మహిళ జాన్ కల్మాఁ అలాంటివారు.

మొదట ‘ఎనిమిదో దశకంలో ఉన్న’ అని దిద్దబోయాను. అదీ తప్పే. మనిషి జీవితంలో ఎనిమిదో దశకం ఎనభయ్యో పుట్టినరోజుతో ముగిసిపోతుంది. ఆక్టోజెనేరియన్ నడుస్తున్నది తొమ్మిదో దశకంలో. పోనీ ‘ఎనభైల్లో’ అందామా అంటే, 1980ల నాటి సంగతి అనుకునే ప్రమాదం ఉంది.

ఇంతా వెతికితే మన మాట నోటి దగ్గరే ఉంది: ‘ఎనభయ్యో పడి’. యాభయ్యో పడిలో పడ్డాడని, అరవయ్యో పడి దాటిందని మనం అనుకునేదే. పదేళ్ళ కొలత అందులో సరిగ్గా ఇమిడిపోతుంది; మనిషి గట్టివాడా, నీరసించాడా అన్న తీర్పు ఉండదు. నాకు ఆ మాట మీద ఇప్పుడు ఎంత ప్రేమో!

‘ఎనభయ్యో పడిలో ఉన్న ఈతగాడు’ అని మార్చి మళ్ళీ చూపించాను. నాన్న తల ఊపి పేజీ తిప్పారు. పదకొండో పేజీలో మాత్రం ‘ముసలాయన’ అన్న మాటను అలాగే ఉంచాను. అక్కడ మనవడు తాతను పిలిచేది ఆ మాటతోనే.