కొత్త కౌన్సిలరుకు మొదట చూపవలసిన భవనం

ఇంగ్లాండులో స్థానిక ఎన్నికలు సాధారణంగా మే నెల మొదటి గురువారం జరుగుతాయి. ఫలితాలు వెలువడిన వెంటనే, తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే సంస్థలైన హౌసింగ్ అసోసియేషన్ల నుంచి గెలిచినవారికి అభినందన లేఖలు వెళ్తాయి. నేను పనిచేసే ఈ రంగంలో చాలామంది ఆ లేఖనే పరిచయానికి నాందిగా భావిస్తారు. నాకు మాత్రం దానిమీద పెద్దగా నమ్మకం లేదు. అద్దెదారు గోడు విన్న కౌన్సిలర్ మొదటిసారి మనకు, అంటే ఆ ఇంటి యజమాని అయిన అసోసియేషన్‌కు, రాసినప్పుడు ఎంత త్వరగా, ఎంత నిజాయితీగా బదులిచ్చామన్నదే రాబోయే నాలుగేళ్ల సంబంధాన్ని నిర్ణయిస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వం పేదలకు కట్టించే ఇళ్లు సాధారణంగా లబ్ధిదారుల సొంతమవుతాయి. ఇక్కడి సామాజిక గృహాలు చాలావరకు తక్కువ అద్దెకు ఇచ్చేవి. వాటి యజమాని కౌన్సిల్ కావచ్చు, లాభాపేక్ష లేని హౌసింగ్ అసోసియేషన్ కావచ్చు. 1988 నుంచి అనేక కౌన్సిళ్లు తమ ఇళ్లను అసోసియేషన్లకు బదలాయించడంతో, ఒకే వార్డులో ఇద్దరు ముగ్గురు యజమానులు ఉండటం మామూలైంది. కప్పు కారుతున్న ఇంటివారు అది కౌన్సిల్ ఇల్లే అనుకొని కౌన్సిలర్ దగ్గరికి వెళ్తారు. ఆ భవనం ఎవరిదో కొత్తగా గెలిచిన ఆయనకూ తెలియకపోవచ్చు.

కాబట్టి మొదట ఇవ్వవలసింది వార్డు పటం. మన భవనాలు ఏవి, వాటిలో ఎన్ని ఇళ్లున్నాయి, ఒక్కోదానికి బాధ్యుడైన హౌసింగ్ ఆఫీసర్ ఎవరు, ఏ నంబరుకు ఫోన్ చేస్తే మనిషి పలుకుతాడు, ఈ ఏడాది ఏ కప్పులు, ఏ కిటికీలు మార్చబోతున్నాం అన్నవన్నీ ఒక్క కాగితంలో ఇమడాలి. కౌన్సిలర్లకు భృతి ఉంటుందే తప్ప జీతం ఉండదు; చాలామంది మరో ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు ప్రజల పనులు చూస్తారు. వారి చేతిలో నలభై పేజీల వార్షిక నివేదిక పెట్టడం మర్యాదలా కనిపించినా, నిజానికి అది వారి సమయాన్ని హరించడమే.

తర్వాత వారిని వార్డులోకి తీసుకువెళ్లాలి. ఇక్కడే మా రంగం తడబడుతుంది. కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లు, రంగులు వేసిన ఆటస్థలం చూపించి ఫొటోలు తీసుకోవాలన్న ఆరాటం ఎక్కువ. నేనైతే తేమపట్టిన పాత భవనాన్నే ముందు చూపించమంటాను. 2020 డిసెంబరులో రోచ్‌డేల్‌లో రెండేళ్ల అవాబ్ ఇషాక్ ఇంట్లో పేరుకున్న బూజు వల్ల చనిపోయాడు. అతని పేరుతో వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి అమలవుతోంది: ప్రాణాపాయం కలిగించే అత్యవసర సమస్యను 24 గంటల్లో పరిశీలించి సరిచేయాలి, తీవ్రమైన తేమ, బూజు సమస్యలపై 10 పని దినాల్లో విచారణ జరపాలి. ఈ గడువులను కౌన్సిలరుకు మనమే చెప్పాలి; వాటిని తప్పితే మనల్ని నిలదీసే వీలును మన చేతులతోనే వారికి ఇవ్వాలి. లోపాన్ని ముందుగా చెప్పిన యజమాని మాటకు, తర్వాత ఎప్పుడైనా ఫలానా ఆరోపణ నిజం కాదని చెప్పవలసి వచ్చినప్పుడు, విలువ ఉంటుంది.

2022 అక్టోబరు దాకా అద్దెదారు, ఇంటి యజమానులపై ఫిర్యాదులను విచారించే హౌసింగ్ ఆంబుడ్స్‌మన్ వద్దకు వెళ్లాలంటే కౌన్సిలర్, ఎంపీ లేదా గుర్తింపు పొందిన అద్దెదారుల బృందం ద్వారా వెళ్లాల్సి వచ్చేది, లేదంటే ఎనిమిది వారాలు ఆగాల్సి వచ్చేది. ఆ అడ్డు తొలగింది కనుక కౌన్సిలర్ల అవసరం తగ్గిందని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఇంగ్లీషు సరిగా రాని వృద్ధురాలికి దరఖాస్తు పత్రం కన్నా తన వీధిలో కనిపించే మనిషే దగ్గర.

కొత్త నిర్మాణాలకు అనుమతులిచ్చే కౌన్సిల్ ప్లానింగ్ కమిటీలో ఉన్న సభ్యుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. కొత్త ఇళ్లకు అనుమతి కోరే సమయంలోనే వారి తలుపు తడితే, ఆ పలకరింపు దేనికోసమో అందరికీ అర్థమవుతుంది. అలాంటి చర్చలు కౌన్సిల్ అధికారుల సమక్షంలో, లిఖితపూర్వకంగా జరగాలి. వార్డుకు ఒకరి నుంచి ముగ్గురి దాకా కౌన్సిలర్లు ఉంటారు. వారు ఏ పార్టీవారైనా ఒకే సమాచారం, ఒకే రోజున అందాలి.

ఓడిపోయిన కౌన్సిలర్ చేపట్టిన ఫిర్యాదులనూ వదిలేయకూడదు. ఆయన రాసిన ఉత్తరాల్లో పరిష్కారం కానివాటిని వెదికి, ఆ అద్దెదారులకు స్వయంగా ఫోన్ చేసి, వారు సమ్మతిస్తే ఆ వివరాలను కొత్త ప్రతినిధికి అప్పగించాలి. ఈ పని మే నెలాఖరులోపు పూర్తికావాలని నేను మా వాళ్లను ప్రతిసారీ పట్టుబట్టి అడుగుతాను.